దూరాన్ని దాటిన వాక్‌చికిత్స

మానవుని ఇతర ప్రాణుల నుండి వేరుచేసే గుణాలలో వాక్కు ప్రధానమైనది. పసితనంలో అందరూ తడబడుతూనే మాట నేరుస్తారు. అయితే బడికి వెళ్లే వయసు వచ్చినా కొందరు పిల్లలు 'కాకి'ని 'తాతి' అంటారు. కొందరిని నత్తి బాధిస్తుంది. మరికొందరు వినికిడి లోపం వల్ల అస్పష్టంగా పలుకుతారు. తోటివారు నవ్వుతారనే భయంతో, జవాబు తెలిసినా పెదవి విప్పని పిల్లలు వీరిలో ఉంటారు. మాటలోని లోపాన్ని బుద్ధిలోని లోపంగా పొరబడితే ఆ పిల్లల చదువే కుంటుపడుతుంది.

ఇట్టి లోపాలను సవరించే విద్య వాక్‌చికిత్స. దీనినే స్పీచ్ థెరపీ అంటారు. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1960వ దశకం నుండి ఈ రంగంలో నిపుణులను తీర్చిదిద్దుతున్నది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో వాక్, భాషా వైకల్యం ఒకటి. కాని నిపుణులు అధికంగా నగరాలలోనే ఉంటారు. చికిత్స నెలల తరబడి సాగుతుంది. పల్లెలోని కూలితల్లి పనిమానుకొని ప్రతివారం బిడ్డను పట్నానికి తీసుకొనిపోవడం ఎన్నాళ్లు సాధ్యం?

ఈ చిక్కుకు ఒక పరిష్కారం టెలీహెల్త్. ఇంటర్నెట్ ద్వారా నిపుణులు, విద్యార్థి ఒకరినొకరు చూస్తూ, వింటూ సాధన చేసే పద్ధతి ఇది. అమెరికాలోని వాక్, శ్రవణ నిపుణుల సంఘం 2005లోనే దీనిని ఆమోదించింది. 2020లో కోవిడ్ కారణంగా బడులు మూతపడినప్పుడు ఇది అనేక దేశాలలో విస్తరించింది.

మన ప్రాచీనుల శిక్షాశాస్త్రం వర్ణాలను అవి పుట్టే స్థానాన్నిబట్టి విభజించింది. 'క' కంఠ్యం, 'త' దంత్యం. 'తాతి' అనే బిడ్డ నాలుక మొదలును ఎత్తవలసిన చోట కొనను ఎత్తుతున్నదన్నమాట. నిపుణురాలు తెరపై కోట, తోట బొమ్మలు చూపుతుంది. బిడ్డ కోటను ఉద్దేశించి 'తోట' అంటే ఆమె తోటనే చూపుతుంది. తన పలుకు అర్థాన్నే మార్చిందని బిడ్డ గ్రహిస్తుంది. పిదప వర్ణం, పదం, వాక్యం, సంభాషణ అనే క్రమంలో అభ్యాసం సాగుతుంది. కోట, తోటల భేదాన్ని ఎన్నుకోవడం తెలుగు తెలిసినవారికే సాధ్యం. కనుక పొరుగు రాష్ట్రాలలో, విదేశాలలో పెరిగే తెలుగు పిల్లలకు కూడ ఈ పద్ధతి ఉపకరిస్తుంది.

దీనికి పరిమితులు లేకపోలేదు. ఇంటర్నెట్ సరిగా అందకపోతే స, శ వంటి ధ్వనుల భేదం వినిపించదు. వినికిడి పరీక్షకు, అంగిలి పరిశీలనకు సాధారణంగా నేరుగా వెళ్లవలసినదే. తెర ముందు చిన్నపిల్లలు కుదురుగా కూర్చోరు. కాబట్టి బిడ్డ పక్కన తల్లిగాని, ఉపాధ్యాయుడుగాని ఉండి, నేర్పిన పలుకును ప్రతిదినం కొద్దిసేపు సాధన చేయించాలి. దూరాన ఉన్న నిపుణుల విద్యకు దగ్గరివారి ఓర్పు తోడైనప్పుడే ఫలితం చేకూరుతుంది.

ఈ బాధ్యతలో తోటి విద్యార్థులకూ పాలు ఉన్నది. తడబడే మిత్రుని చూసి నవ్వకుండా, అతని మాటను మధ్యలో అందుకోకుండా, చివరి వరకు ఆలకించడం వారు చేయగల సాయం. ఆలకించేవారు ఉన్నప్పుడే వాక్కు వికసిస్తుంది.