బడి తెరిస్తే ముప్పేనా? కరోనా కాలం నాటి అపోహలు

2020 మార్చిలో మూతపడిన బడులు మన దేశంలో పూర్తిగానో సగం సగంగానో 82 వారాలు అలాగే ఉన్నాయని యునెస్కో లెక్క. అంతకాలం బడులు మూసిన దేశాలు ప్రపంచంలో చాలా తక్కువ. అప్పుడు ఇంటింటా వినిపించిన మాటలు కొన్ని ఇప్పటికీ చెల్లుబాటవుతున్నాయి.

అపోహ: మూడో వేవ్ పిల్లల మీదే పడేది. బడులు మూయబట్టి బతికిపోయారు.

వాస్తవం: 2021 వేసవిలో టీవీ చర్చల నుంచి వాట్సాప్ దాకా తిరిగిన ఈ మాటకు ఆధారం లేదు. ఆ జూన్, జులైలలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేసిన నాలుగో సీరో సర్వేలో, అంటే రక్తపరీక్షల సర్వేలో, 6–9 ఏళ్ల పిల్లల్లో 57.2 శాతం మందికి, 10–17 ఏళ్లవారిలో 61.6 శాతం మందికి యాంటీబాడీలు కనిపించాయి. బడులు మూసి ఉండగానే సగానికి పైగా పిల్లలకు వైరస్ సోకిపోయిందన్నమాట. చాలామందికి సోకిన సంగతే తెలియలేదు. అలాగని పిల్లలకు ఏమీ కాదనడమూ తప్పే. కొద్దిమందికి జబ్బు తగ్గిన కొన్ని వారాలకు ఎంఐఎస్-సి అనే తీవ్రమైన సమస్య వచ్చింది. బడులు తెరిచే ఉంచిన చోట ఏమైందో చూద్దాం. స్వీడన్ 2020 వసంతంలో 16 ఏళ్లలోపు పిల్లల బడులు తెరిచే ఉంచింది. మార్చి నుంచి జూన్ దాకా అక్కడి సుమారు 19.5 లక్షల మంది పిల్లల్లో కోవిడ్‌తో ఐసీయూలో చేరినవారు 15 మంది. ఒక్కరూ చనిపోలేదు.

అపోహ: తెరిస్తే ముందు పెద్ద తరగతులే తెరవాలి. చిన్నపిల్లలు మాస్కులు పెట్టుకోరు, దూరం పాటించరు.

వాస్తవం: మనం చేసింది అదే. ఆంధ్రప్రదేశ్ 2020 నవంబరు 2న, తెలంగాణ 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులతోనే మొదలుపెట్టాయి. ఇందులో పబ్లిక్ పరీక్షల లెక్క ఉంది గానీ వైరస్ లెక్క లేదు. డెన్మార్క్ 2020 ఏప్రిల్ 15న అందరికంటే ముందు చిన్నపిల్లలనే బడికి పిలిచింది. వాళ్లకు జబ్బు తీవ్రమయ్యే ముప్పు తక్కువ, తెర ముందు కూర్చుని నేర్చుకోవడం వాళ్లవల్ల కాదు, వాళ్లు ఇంట్లో ఉంటే తల్లిదండ్రులు పనికి పోలేరు. అదే ఏడాది మే నెలలో జెరూసలేంలో వైరస్ గుప్పున పాకింది పెద్దపిల్లల బడిలో. వడగాడ్పులని మాస్కులు తీయించి, ఏసీలు ఆపకుండా నడిపిన కిక్కిరిసిన గదుల్లో 153 మంది విద్యార్థులకు, 25 మంది సిబ్బందికి సోకింది. ప్రాథమిక పాఠశాలలు ముందు తెరవడం మేలని 2021 జులైలో ఐసీఎంఆర్ అధిపతి బలరాం భార్గవ కూడా అన్నారు. అప్పటికే మన ఒకటో తరగతి పిల్లలు బడి ముఖం చూడకుండా ఏడాది గడిపేశారు.

అపోహ: ఫోన్లో, టీవీలో పాఠాలు నడిచాయి కదా, పోయిందేముంది?

వాస్తవం: పాఠాలు ప్రసారమయ్యాయి, నిజమే. తెలంగాణలో దూరదర్శన్ యాదగిరిలోనూ వచ్చాయి. అందాయా అన్నది వేరే ప్రశ్న. 2021 ఆగస్టులో 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని పేద కుటుంబాల్లో జరిగిన సర్వేలో, పల్లెల్లో క్రమం తప్పకుండా ఆన్‌లైన్ చదువు సాగుతున్న పిల్లలు 8 శాతం. అసలు చదవనివారు 37 శాతం. గ్రామీణ పిల్లల చదువుపై వచ్చే ఏసర్ నివేదిక చూస్తే, రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో తెలంగాణ గ్రామాల్లో 18.1 శాతం, 2022లో 5.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుంచి 10.3కి పడిపోయారు. 2018 అంకెలు కూడా గొప్పవేం కావు, అది కరోనా మీదికి నెట్టే నేరం కాదు.

అపోహ: రోజూ బెంచీలకు మందు కొట్టి, గేటు దగ్గర టెంపరేచర్ చూస్తే చాలు.

వాస్తవం: వైరస్ ప్రధానంగా గాలిలో పాకింది. కిటికీలు తెరవాలి, గదిలో రద్దీ తగ్గించాలి. వానలు లేనినాడు చెట్టు కింద పాఠం అన్నిటికన్నా క్షేమం.

అపోహ: బడి తెరవాలనేవాళ్లకు టీచర్ల ప్రాణాలంటే లెక్కలేదు.

వాస్తవం: ఈ భయంలో మాత్రం న్యాయం ఉంది. స్వీడన్‌లో తరగతి గదిలో పాఠం చెప్పిన టీచర్లకు, ఆన్‌లైన్‌లో చెప్పినవారికన్నా సుమారు రెండింతలు సోకింది. కాబట్టి టీకాల వరుసలో టీచర్లను ముందు నిలబెట్టాలి. మన దగ్గర 2021 జనవరి 16న టీకాలు మొదలైతే, టీచర్లందరికీ వేయడం కోసం రాష్ట్రాలకు అదనపు డోసులిస్తామని కేంద్రం చెప్పింది ఆగస్టు చివర్లో. బడుల గురించి ఇంత మాట్లాడిన దేశానికి ఆ ఏడు నెలలు ఎందుకు పట్టిందో నాకు అర్థం కాదు.

అపోహ: అయితే ఈసారి ఏ మహమ్మారి వచ్చినా బడులు మూయనక్కర్లేదు.

వాస్తవం: వైరస్‌ను బట్టి ఉంటుంది. ఫ్లూ పిల్లల ద్వారా బాగా పాకుతుంది. 2009లో స్వైన్ ఫ్లూతో దేశంలో నమోదైన తొలి మరణం పుణెలో 14 ఏళ్ల బడిపిల్లది. ఆ ఆగస్టులో అక్కడ బడులు కొన్నాళ్లు మూశారు. అలాంటి జబ్బుకు, అంత కొద్ది కాలానికి మూయడాన్ని తప్పుపట్టలేం.