నెహామా పంపిన ప్రశ్నలు

తరగతి అయిపోయింది. అక్షరాలు వచ్చాయి. ఇక ఇంటికి వెళ్ళాలి. రేపటి నుంచి చదువు సంగతి ఏమిటి? పొలం పని, వంట పని, పిల్లల పని మధ్య అది నిలుస్తుందా?

ఈ బెంగ చాలా దూరాన, యెరూషలేము నగరంలో, కొందరు ఆడవాళ్ళకు కూడా కలిగింది. వాళ్ళు తమ పంతులమ్మను సాయం అడిగారు. ఆ పంతులమ్మ పేరు నెహామా లైబోవిట్జ్.

నెహామా యూదు స్త్రీ. యూదుల మతగ్రంథం పేరు తోరా. అది హీబ్రూ భాషలో ఉంటుంది. బైబిలులోని మొదటి ఐదు పుస్తకాలు ఇవే. యూదులు తోరాను వారానికి కొంత చొప్పున చదువుతారు. ఏడాదికి ముగిస్తారు. మళ్ళీ మొదలుపెడతారు. తోరాకు అర్థం చెబుతూ పండితులు వందల ఏళ్ళుగా ఎన్నో పుస్తకాలు రాశారు. కానీ ఈ లోతైన చదువు చాలా కాలం మగవాళ్ళ చేతిలోనే ఉండేది. ఆడవాళ్ళకు ప్రార్థనలు, ఇంటి ఆచారాలు తెలిస్తే చాలు అనుకునేవారు.

నెహామా 1905లో రీగా నగరంలో పుట్టింది. రీగా ఇప్పుడు లాట్వియా దేశానికి రాజధాని. ఇంట్లో అన్నతో పాటు ఆమెకు కూడా చదువు చెప్పించారు. 1919లో ఆ కుటుంబం జర్మనీకి వెళ్ళింది. అక్కడ నెహామా పెద్ద చదువు చదివింది. 1930లో డాక్టరు పట్టా పొందింది. వైద్యం చేసే డాక్టరు కాదు. పరిశోధన చేసినవారికి ఇచ్చే పట్టా అది. అదే ఏడాది భర్తతో కలిసి పాలస్తీనా వెళ్ళింది. అప్పుడు మన దేశంలాగే ఆ దేశం కూడా ఇంగ్లీషువాళ్ళ పాలనలో ఉండేది. యెరూషలేములో నెహామా టీచరమ్మలు కాబోయే ఆడపిల్లలకు పాఠాలు చెప్పింది.

1942లో కొందరు స్త్రీలు ఆమె దగ్గర ఆరు నెలలు చదువుకున్నారు. వాళ్ళవి పల్లెలు. అందరూ కలిసి సాగు చేసుకుని, కలిసి తినే ఊళ్ళు. ఆరు నెలలు గడిచాయి. వాళ్ళు పనిలోకి తిరిగి వెళ్ళాలి. కానీ చదువు మానడం వాళ్ళకు ఇష్టం లేదు. మాకు ఏదైనా దారి చూపించమని నెహామాను అడిగారు.

నెహామా ఒక దారి ఆలోచించింది. ఆ వారం చదవాల్సిన తోరా భాగం మీద కొన్ని ప్రశ్నలు రాసింది. ఆ కాగితాన్ని సైక్లోస్టైల్ చేయించి పోస్టులో పంపింది. స్త్రీలు జవాబులు రాసి తిరిగి పంపారు. నెహామా ప్రతి జవాబునూ తానే చదివి, ఎర్ర సిరాతో దిద్దింది. తప్పు ఎక్కడుందో రాసి మళ్ళీ వాళ్ళకు పంపింది.

ఈ సంగతి ఆ నోటా ఈ నోటా పాకింది. మాకూ పంపమని ఎందరో అడిగారు. సిపాయిలు, రైతులు, కూలి పని చేసేవాళ్ళు, ఇల్లు చూసుకునే ఆడవాళ్ళు, బడి టీచర్లు జవాబులు రాశారు. ప్రశ్నల్లో తేలికవీ ఉండేవి, కష్టమైనవీ ఉండేవి. కష్టమైన ప్రశ్న పక్కన ఒక ఇంటూ గుర్తు పెట్టేది. మరీ కష్టమైతే రెండు గుర్తులు. ఎవరికి చేతనైనంత వాళ్ళు రాసేవారు. 1971 దాకా, దాదాపు 30 ఏళ్ళు, ఆమె ఈ ప్రశ్నల కాగితాలు తయారు చేసింది.

ఆమె ఎలాంటి విషయాలు అడిగేది? ఒకటి చూద్దాం.

తోరాలో యోసేపు కథ ఉంది. అన్నలు అతణ్ణి అమ్మేశారు. అతను ఐగుప్తు దేశంలో ఒక పెద్ద అధికారి ఇంట్లో దాసుడయ్యాడు. యజమాని భార్య అతని మీద మనసు పడింది. అతను ఒప్పుకోలేదు. ఆమె అతని మీద నింద వేసింది. ముందు ఇంట్లో పనివాళ్ళకు చెప్పింది. తర్వాత భర్తకు చెప్పింది. పనివాళ్ళతో చెప్పినప్పుడు అతణ్ణి "హెబ్రీ మనిషి" అంది. భర్తతో చెప్పినప్పుడు "హెబ్రీ దాసుడు" అంది.

ఒక్క మాట మారింది. ఎందుకు? నెహామా ఈ తేడాను ఎత్తి చూపింది. ఆ పనివాళ్ళు కూడా దాసులే. దాసుడు అంటే వాళ్ళకు అతని మీద జాలి కలగవచ్చు. అందుకే పరాయివాడని చెప్పింది. భర్త దగ్గర దాసుడు అంటేనే అతనికి కోపం వస్తుంది. "నా దాసుడికి ఇంత పొగరా" అనుకుంటాడు. ఒకే నింద. వినేవాళ్ళను బట్టి మాట మార్చింది.

జవాబు తాను చెప్పేస్తే చదివేవాళ్ళు నేర్చుకోరని నెహామా నమ్మింది. మాటల్ని పక్కపక్కన పెట్టి, వాళ్ళే వెతికి కనుక్కోవాలి. పెద్ద పండితులు రాసిన అర్థాలను కూడా అలాగే చదివించేది. ఈయన ఇలా ఎందుకు అన్నాడు, ఆయన ఇంకోలా ఎందుకు అన్నాడు అని అడిగేది.

1948లో ఇజ్రాయెల్ దేశం ఏర్పడింది. తర్వాత ఆ ప్రభుత్వం విద్యకు ఇచ్చే పెద్ద బహుమతిని నెహామాకు ఇచ్చింది. ఆమె యూనివర్సిటీలో ప్రొఫెసరు అయింది. మతగురువులు కూడా ఆమె దగ్గర పాఠం విన్నారు. అయినా ఆమె ఏ బిరుదునూ కోరలేదు. 1997లో చనిపోయింది. ఆమె కోరిన ప్రకారం సమాధి రాయి మీద పేరు పక్కన ఒకే మాట చెక్కించారు. ఆ మాట "మోరా". హీబ్రూలో మోరా అంటే పంతులమ్మ.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. పల్లె స్త్రీలు అడగకపోతే నెహామా ప్రశ్నల కాగితాలు మొదలయ్యేవా?

2. ఒకే సంగతిని ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా చెప్పడం మీ ఊళ్ళో చూశారా? ఏ మాట మారింది?

3. సంతకం పెట్టమని ఒక కాగితం మీ చేతికి ఇచ్చారు. పెట్టే ముందు ఏమేమి ప్రశ్నలు అడుగుతారు?