బందరు గ్రహణం నుంచి కృష్ణబిలం దాకా

కూచిపూడి: భామాకలాపంలో సత్యభామ ముందుగా తెర వెనకే నిలబడి, జడను తెర మీదుగా బయటికి వేస్తుంది. తనను మించినవారు ఉంటే ఆ జడ కోయవచ్చునని సవాలు. ఆకాశంలో కృష్ణబిలం కూడా తెర వెనక భామే. వెలుగును సైతం మింగేస్తుంది కనుక అది కనబడదు. దాని అంచున తిరిగే వెలుగే శాస్త్రజ్ఞులకు ఆధారం.

ఈ అంచు వెలుగు శాస్త్రానికి మన ప్రాంతంతో పాత చుట్టరికం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం గుంటూరు, బందరుల మీదుగా సాగింది. నడుమనున్న మన ఊళ్ళూ ఆ నీడలో పడినవే. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ బందరులోను, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులోను సాధనాలు అమర్చుకున్నారు. చంద్రుడు తెర పట్టగా సూర్యుడి అంచున కనిపించిన ఎర్రని జ్వాలలు మండే వాయువులని ఆనాడు తేలింది. ఆ వెలుగులోని పసుపు గీత ఆ తరువాత హీలియం వాయువుకు ఆనవాలైంది.

1919 గ్రహణంలో శాస్త్రజ్ఞులు వేరే ప్రశ్న వేశారు. సూర్యుడి పక్కగా వచ్చే నక్షత్రాల వెలుగు ఎంత వంగుతుంది? న్యూటన్ సూత్రంతో వచ్చే వంపుకు రెట్టింపు ఉంటుందని ఐన్‌స్టీన్ లెక్క. కొలతలు ఐన్‌స్టీన్ వైపే మొగ్గాయి.

అంతటితో పేచీ తీరలేదు. ఆయన సిద్ధాంతానికి అణువుల శాస్త్రంతో పొత్తు కుదరదు. అందుకే కొందరు వేరే ఆకర్షణ సిద్ధాంతాలు అల్లారు. సూర్యుడి వంటి చోట్ల వాటిలో చాలావాటి లెక్క, ఐన్‌స్టీన్ లెక్క ఒక్కటే. తేడా తెలియాలంటే ఆకర్షణ మహా ఉధృతంగా ఉండే కృష్ణబిలం దగ్గరికే పోవాలి.

మన పాలపుంత నడుమ అలాంటిదొకటి ఉంది. దూరం సుమారు 27 వేల కాంతి సంవత్సరాలు. చుట్టూ తిరిగే నక్షత్రాల వేగాన్ని బట్టి దాని బరువు సుమారు 40 లక్షల సూర్యులని ముందే తేల్చారు. బరువు తెలిస్తే నీడ వెడల్పు లెక్క కట్టవచ్చు. ఐన్‌స్టీన్ ప్రకారం అది బిలం వెడల్పుకు దాదాపు రెండున్నర రెట్లు. లెక్క ముందు, కొలత తరువాత. పరీక్ష అంటే అదే కదా!

2017 ఏప్రిల్‌లో ప్రపంచంలోని 8 రేడియో దుర్భిణులు కలిసి చూశాయి. 2022 మే 12న చిత్రం విడుదలైంది: నడుమ చీకటి, చుట్టూ వెలుగు, అచ్చం గారె. చంద్రుడి మీద గారె పెట్టి ఇక్కడి నుంచి చూస్తే ఎంత కనబడుతుందో అంతే దాని పరిమాణం. కొలత సుమారు 10 శాతం తేడాలోపు ఐన్‌స్టీన్ లెక్కకు సరిపోయింది.

ఆ 10 శాతం సందులో ప్రత్యర్థి సిద్ధాంతాలు కొన్ని ఇంకా బతికే ఉన్నాయి. మరింత సూక్ష్మంగా కొలవడానికి భూమి వెడల్పు చాలదని, దుర్భిణులను అంతరిక్షానికి పంపాలని శాస్త్రజ్ఞులు ఆలోచిస్తున్నారు.