ఒకే డిస్కులో రెండు కాపురాలు

కంప్యూటర్ ఆన్ చేయగానే మా ఇంట్లో రెండు పేర్లు కనిపించేవి: ఉబుంటు, విండోస్. బాణం మీట నొక్కి కావలసినదాన్ని ఎంచుకోవడమే. ఆ రోజు నల్లటి తెర మీద ఒకే ఒక్క వాక్యం వచ్చింది, బూట్ చేయడానికి ఏ డిస్కూ దొరకలేదని. పెట్టెలోంచి టక్, టక్ మని చప్పుడు.

రెండెందుకని మీరు అడగవచ్చు. నా రాతకోతలన్నీ అను ఫాంట్లలో, 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7లో ఉన్నాయి. అవి విండోస్ కోసం తయారైనవి. మా అబ్బాయి ఇంజనీరింగు చదువుకు లినక్స్ కావాలి, ఉబుంటు అందులో ఒక రకం. రెండో కంప్యూటర్ కొనే బదులు ఒకే డిస్కులో ఇద్దరం సర్దుకున్నాం.

చల్లపల్లి సెంటర్లో తెలిసిన కుర్రాడికి చూపిస్తే, "మాస్టారూ, కొత్త డిస్కు వేసి ఫార్మాట్ కొట్టేద్దామా?" అన్నాడు. అతని తప్పేం లేదు, చాలామంది కోరేది అదే. నేను మాత్రం వద్దని పెట్టె ఇంటికి తెచ్చుకున్నాను.

ఆ చప్పుడు సంగతి ముందు చెప్పాలి. హార్డ్ డిస్కులో పళ్ళెం నిమిషానికి 5,400 సార్లో 7,200 సార్లో తిరుగుతుంది. చదివే ముల్లు దాన్ని తాకదు, కొద్ది నానోమీటర్ల ఎత్తున గాలిలో తేలుతుంది. తల వెంట్రుక మందం డెబ్బై ఎనభై వేల నానోమీటర్లు ఉంటుంది, పోల్చి చూసుకోండి. పళ్ళెం మీద తానెక్కడ ఉన్నదీ చెప్పే గుర్తులు చదవలేకపోతే ముల్లు మొదటికి వెళ్ళి మళ్ళీ ప్రయత్నిస్తుంది. టక్ మనేది అదే. అలాంటప్పుడు పదిసార్లు ఆన్ చేసి చూడటం విరిగిన కాలితో నడిపించడమే. డిస్కును ఫ్రిజ్‌లో పెట్టి తీయమనే చిట్కా ఒకటి తిరుగుతోంది. బయటికి తీయగానే చెమ్మ పడుతుంది, మన తీరంలో మరీనూ. ఆ పని చేయకండి.

ఇంతకీ పోయిందేమిటి? పొలం లెక్కలో చెబుతాను. డిస్కంతా ఒకటే చేను. దానికి గట్లు వేసి విండోస్‌కు కొంత, లినక్స్‌కు కొంత ఇస్తాం. ఏ గట్టు ఎక్కడుందో రాసి ఉండే అడంగల్ డిస్కు మొదట్లోనే ఉంటుంది. 1983లో వచ్చిన పాత పద్ధతిలో ఆ మొదటి గడి 512 బైట్లు. అందులో 446 బైట్లు కంప్యూటర్‌ను లేపే చిన్న ప్రోగ్రాముకి, 64 బైట్లు నాలుగు గట్ల వివరానికి, చివరి రెండూ సంతకం. అది చెడితే ఇంకో ప్రతి ఉండదు. ఇప్పటి జీపీటీ పద్ధతిలో అడంగల్ రెండు ప్రతులు, ఒకటి డిస్కు మొదట్లో, ఇంకొకటి చిట్టచివర. అడంగల్ పోయినంత మాత్రాన పొలం మాయం కాదు. టెస్ట్‌డిస్క్ లాంటి ఉచిత ప్రోగ్రాములు చేనంతా తిరిగి గట్ల ఆనవాళ్ళు పట్టుకుని కొత్తగా రాసిపెడతాయి. కానీ నా డిస్కులో చేనే కొన్నిచోట్ల చౌడు పడింది. కాబట్టి మొదటి పని గట్లు సరిచేయడం కాదు, పంట ఇంటికి చేర్చడం.

పెన్‌డ్రైవ్ నుంచి ఉబుంటు నడిపి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో పాత డిస్కును గడిగడీ కొత్తదానిలోకి దించాను. దీని తెలివంతా ఒక్కచోటే ఉంది. చదవడానికి మొరాయించిన గడి దగ్గర ఇది భీష్మించుకు కూర్చోదు. దాన్ని చిట్టాలో రాసుకుని ముందుకు పోతుంది, సులువుగా వచ్చేదంతా వచ్చాక వెనక్కి వచ్చి మిగతావాటితో కుస్తీ పడుతుంది. చచ్చిపోతున్న డిస్కుకు ఎంత ఆయుష్షుందో తెలియదు గనుక ఇదే సరైన వరస. అర్ధరాత్రి కరెంటు పోయింది. చిట్టాను వేరే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాను కాబట్టి ఆగినచోటి నుంచే మళ్ళీ సాగింది. పాత డిస్కు ఏది, కొత్తది ఏది అన్నది మాత్రం మూడుసార్లు చూసుకోండి. తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి నిండుదాని మీద పడుతుంది. కాపీ అయ్యాక రెండింటినీ ఒకేసారి తగిలించి ఉంచకూడదు. గుర్తింపు సంఖ్యలు కూడా కాపీ అవుతాయి, కవలల్లో ఎవరెవరో కంప్యూటర్‌కు తెలియదు.

తెల్లారేసరికి ఉబుంటు వాటా చెక్కుచెదరకుండా వచ్చింది. నా ఫైళ్ళూ వచ్చాయి. చౌడంతా విండోస్ సొంత ఫైళ్ళున్న చోట పడింది, అది లేవలేదు. దాని వాటాలోనే మళ్ళీ విండోస్ వేశాను. ఆ తర్వాత ఆన్ చేస్తే నేరుగా విండోసే. "నా ఉబుంటు తీసేశావా నాన్నా?" అన్నాడు అబ్బాయి.

తీయలేదు. విండోస్ ఎక్కించినప్పుడు తన పేరునే వరసలో ముందు పెట్టుకుంటుంది, పక్కవాటా వాళ్ళను తన జాబితాలో చూపదు. రెండూ కొత్తగా వేసుకునేవాళ్ళకు ముందు విండోస్, తర్వాత లినక్స్ అని చెప్పేది ఇందుకే. మళ్ళీ పెన్‌డ్రైవ్‌తో లేపి, గ్రబ్ అనే ద్వారపాలకుణ్ణి తిరిగి నిలబెట్టాం. ఉబుంటు కనిపించింది, ఈసారి విండోస్ లేదు! 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి పక్క సిస్టమ్‌ను వెతికే పని భద్రత కోసం ఆపి ఉంచుతున్నారు. సెట్టింగుల్లో ఒక్క వాక్యం మార్చి మళ్ళీ జాబితా రాయిస్తే రెండు పేర్లూ వచ్చాయి.

అయిపోయిందనుకుంటే సాయంత్రం ఆరింటికి విండోస్ గడియారం పన్నెండున్నర చూపించింది. లినక్స్ మదర్‌బోర్డు గడియారంలో గ్రీనిచ్ కాలం రాస్తుంది, విండోస్ దాన్నే మన కాలమనుకుని చదువుతుంది. తేడా సరిగ్గా అయిదున్నర గంటలు. మదర్‌బోర్డులో మన కాలమే రాయమని లినక్స్‌కు చెబితే సరిపోయింది. కొత్త లాప్‌టాప్‌లున్నవాళ్ళకు ఇంకో హెచ్చరిక: విండోస్ వాటాకు బిట్‌లాకర్ తాళం వేసి ఉంటే 48 అంకెల తాళంచెవి లేనిదే కాపీ చేసినా తెరుచుకోదు. దాన్ని ఇప్పుడే కాగితం మీద రాసుకోండి.

నన్ను నిజంగా భయపెట్టింది మాత్రం అను ఫైళ్ళు. అన్నీ క్షేమంగా వచ్చాయి, తెరిస్తే పిచ్చి గీతలు. అను ఫాంట్లు తెలుగు అక్షరాన్ని ఇంగ్లీషు గుర్తుల స్థానంలో దాస్తాయి. ఆ ఫాంటు మళ్ళీ ఎక్కిస్తేనే అది తెలుగు. 1991 నుంచీ యూనికోడ్‌లో తెలుగుకు సొంత స్థానం ఉంది, అందులో రాసింది ఏ సిస్టమ్‌లోనైనా తెలుగుగానే తెరుచుకుంటుంది. మన అవనిగడ్డ నుంచి శాసనసభకు వెళ్ళి, 1975లో హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకట కృష్ణారావు పేరుతో మండలి అనే యూనికోడ్ ఫాంటు ఉచితంగా దొరుకుతుంది. నా పాత వ్యాసాలను ఇప్పుడు యూనికోడ్‌లోకి మారుస్తున్నాను.

మీరూ మార్చుకోండి, రెండు ప్రతులు తీసుకోండి. రెండూ ఒకే బీరువాలో మాత్రం పెట్టకండి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిన సీమ మనది. ఒక ప్రతిని బెజవాడలోనో హైదరాబాదులోనో ఉన్న మీవాళ్ళింట్లో ఉంచండి.