పటిక తిప్పిన నీళ్ళు తేటవే, మరి క్షేమమా?

వానాకాలంలో కృష్ణా, తుంగభద్రల నీరు ఎర్రగా, చిక్కగా వస్తుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెల్లో ఇప్పుడు ఇంటింటికీ కుళాయి ఉన్నా, పైపు పగిలిన రోజున మళ్ళీ బావో, చెరువో, ఏరో దిక్కు. అప్పుడు బిందెలో పటిక తిప్పుతారు. మంచి అలవాటే. కాని వాంతులు, విరేచనాలతో బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లిని నీళ్ళ సంగతి అడిగితే, "పటిక తిప్పినం సారూ, నీళ్లు అద్దం లెక్క ఉన్నయి" అంటుంది. చిక్కంతా ఆ అద్దంతోనే!

పటిక ఏం చేస్తుందో చూడండి. నీటిలో కరగగానే అందులోని అల్యూమినియం, జిగురుగా ఉండే తెల్లని సన్న పింజలుగా మారుతుంది. దీన్నే అల్యూమినియం హైడ్రాక్సైడు అంటారు. ఈ పింజల మీద ధన విద్యుత్తు ఉంటుంది. మట్టి రేణువుల మీద, క్రిముల పైపొర మీద, ఆకులు కుళ్ళగా వచ్చిన పదార్థాల మీద రుణ విద్యుత్తు ఉంటుంది. ఇంకేం, ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. బరువెక్కి అడుగుకు దిగుతాయి. వైరస్‌లు కూడా చాలావరకు ఇలాగే చిక్కుతాయి.

అయితే అతుక్కోవడం వేరు, చావడం వేరు సుమా! ధనుర్వాతం టీకానే తీసుకోండి. అందులో మందుగా పనిచేసే ప్రోటీను ఇలాంటి అల్యూమినియం లవణానికే అతుక్కుని ఉంటుంది. సీసా పాలనీళ్ళలా కనిపించేది, నర్సమ్మ దాన్ని కుదిపి మరీ సూది వేసేది అందుకే. అతుక్కున్నంత మాత్రాన ఆ ప్రోటీను పాడైపోతే టీకా ఎందుకు పనిచేస్తుంది?

బిందెలోనూ అంతే. అడుగు మడ్డిలో క్రిములు బతికే ఉంటాయి. చెంబు ముంచి కదిపారా, పైకి లేస్తాయి. పై తేటలోనూ కొన్ని మిగిలే ఉంటాయి.

అంచేత 10 లీటర్ల బిందెకు శనగగింజంత పటిక పొడి వేసి, ముందు గబగబా, తర్వాత నెమ్మదిగా తిప్పండి. గంటసేపు కదపకండి. పై తేటను శుభ్రమైన గుడ్డలో వడకట్టి, తెర్లిన తర్వాత ఇంకో నిమిషం మరగనివ్వండి. కట్టెలు లేవంటారా? క్లోరిన్ బిళ్ళ వేసి, చీటీ మీద రాసినంతసేపు ఆగండి. బిళ్ళ మాత్రం నీరు తేటపడ్డాకే వేయాలి. బురద నీటిలో వేస్తే క్లోరిన్‌ను బురదే మింగేస్తుంది. మడ్డిని పిల్లలు ఆడేచోట పారబోయకండి.

ఇంకో మాట. ఫ్లోరైడు ఉన్న బోరునీటికి ఈ కొంచెం పటిక చాలదు. నల్గొండ పద్ధతిలో వాడే పటిక దీనికి ఎన్నో రెట్లు, పైగా సున్నం కూడా కలపాలి. అది బిందెలో ఉజ్జాయింపుగా చేసే పని కాదు.