గర్భిణుల కటిబాధ

హబ్సిగూడ కూడలిలో ఉదయమున పది నిమిషములు నిలిచి చూచువారికి గర్భవతులు పలువురు కనబడుదురు. కొందరు తార్నాక వైపు ఆస్పత్రులకు పోవువారు. కొందరు పరిశోధనాలయములలోను, అంగళ్ళలోను ఉద్యోగము చేయువారు. మొన్న నొకామె బస్సు మెట్టు నెక్కుటకై కాలెత్తబోయి, నొప్పిచే ఆగి, రెండు చేతులతో కడ్డీని పట్టుకొని మెల్లగా నెక్కుట మేము చూచితిమి. వెంటనున్న పెద్దావిడ “ఏడవ నెల గదమ్మా, ఇవన్నీ మామూలే” అని ఊరడించినది. ఈ “మామూలే” యను మాటను గూర్చియే నేడు కొంత వ్రాయదలంచితిమి.

బాధ సాధారణమే. గర్భవతులలో ఇంచుమించు ఐదుగురి కొకరు దీని ననుభవింతురని వైద్యులు చెప్పుచున్నారు. కాని సాధారణమైనదెల్ల సహింపవలసినదే యనుట ఎక్కడి న్యాయము? మలేరియా యొకప్పుడు మన పల్లెలలో అంతకన్న సాధారణముగా నుండెను. దానిని మామూలని ఎవరును ఊరకుండలేదు.

నడుమునకు దిగువనున్న ఎముకలు కూడి యొక వలయముగా నేర్పడియున్నవి. సుశ్రుతుడు దీనిని శ్రోణి యని పేర్కొని, ఐదెముకలు లెక్కించెను. వెనుక వెన్నెముక అడుగున ఇరుప్రక్కల రెండు కీళ్ళు, ముందర పొత్తికడుపు దిగువ నొక అతుకు; దేహము బరువంతయు ఈ వలయము మీదుగా కాళ్ళకు దిగును. గర్భము పెరిగినకొలది బరువు ముందునకు వ్రాలి నడక మారును; హార్మోనులచే సంధిబంధములు కొంత సడలును. మూడు కీళ్ళును సమముగా కదలక యొకదానిపై ఒత్తిడి హెచ్చినచో నొప్పి పుట్టును. సడలింపు ఎంతయో నొప్పియు నంతయే యని మాత్రము పరిశోధనలు తేల్చలేదు. మెట్లెక్కునపుడును, పక్కమీద ఒత్తిగిలునపుడును, ఒంటికాలిపై నిలుచునపుడును అది హెచ్చును. దీనివలన శిశువునకు హాని లేదు. తల్లికి మాత్రము నిద్ర చెడును, నడక చెడును, మనస్సు క్రుంగును.

ఉపశమనోపాయములలో పెక్కులు ఇంటనే యున్నవి. బరువు రెండు కాళ్ళపై సమముగా నుంచుట, మోకాళ్ళు ఎడముగా పోకుండ చూచుకొనుట వానికెల్ల మూలము. ప్రక్కకు తిరిగి పరుండి మోకాళ్ళ నడుమ నొక దిండు నుంచుకొనవలెను. ఒత్తిగిలునపుడు మోకాళ్ళను చేర్చి, దేహమంతయు ఒక్కసారిగా తిప్పవలెను. బట్టలు కూర్చుండియే తొడుగుకొనవలెను. మెట్లు ఒక్కొక్కటిగా, నొప్పి తక్కువగా నున్న కాలు ముందుంచి యెక్కవలెను. ఆటోలో ముందు కూర్చుండి, పిమ్మట రెండు కాళ్ళను జతగా లోనికి తీసికొనవలెను. నిండుబిందెను, చంటిపిల్లను ఒక ప్రక్క నడుముపై మోయరాదు. మఠము వేసికొని కూర్చుండుట, గొంతుకూర్చుండి వాకిలి ఊడ్చుట, ముగ్గు పెట్టుట నొప్పి కలిగించినచో మానవలెను. గొంతుకూర్చుండి పని చేసినచో కాన్పు సులభమగునని మన యిండ్లలో నొక నమ్మకము గలదు. నొప్పిగల స్త్రీని ఆ నమ్మకముతో హింసింపరాదు. సీమంతమునాడు ఆమెను పీటమీద గంటలకొలది కూర్చుండబెట్టు పెద్దలను మేమెరుగుదుము. కుర్చీ వేసినంత మాత్రమున శాస్త్రమునకు లోపము రాదు.

అంతట తగ్గనిచో ఫిజియోథెరపీ తెలిసినవారి కడకు పోవలెను. ఎంత త్వరగా పోయిన అంత మేలు. కటి, ఉదర, తుంటి కండరములకు బలమిచ్చు వ్యాయామములు వారు నేర్పుదురు. కొందరికి నడుముపట్టీ కొలిచి యిత్తురు. గోరువెచ్చని స్నానము హాయి నిచ్చును. పారాసిటమాల్ వైద్యుని సలహాపై వాడవచ్చును. ఐబుప్రొఫెన్ వంటి మాత్రలను అంగడిలో కొని మ్రింగరాదు. ముఖ్యముగా ఇరువదవ వారము దాటిన పిమ్మట అవి శిశువు మూత్రపిండములకు హాని చేయవచ్చును. నొప్పితోబాటు జ్వరము, మూత్రమున మంట, రక్తస్రావము, నెలలు నిండకముందే ఆగి ఆగి వచ్చు బిగింపులు, ఒక కాలి వాపు, శిశువు కదలిక తగ్గుట - వీనిలో ఏదియున్నను అది “మామూలు” కాదు. తత్‌క్షణమే ఆస్పత్రికి కొనిపోవలెను.

ఈ బాధ గలవారిలో పెక్కుమందికి సహజప్రసవమే యగును. నొప్పి లేకుండ మోకాళ్ళు ఎంత ఎడముగా పోవునో ముందే కొలిచి ప్రసూతిగదిలోని వారికి తెలుపవలెను. వెల్లకిల పరుండుటకు మారుగా ప్రక్కకు తిరిగియో, మోకాళ్ళు చేతులు ఆనించియో కనవచ్చును.

ఎముకనొప్పి యంతయు ఈ కోవకే చెందునని తలంపరాదు. 1928లో డాక్టరు కాథలీన్ వాన్ అను ఆంగ్లవైద్యురాలు ఘోషాస్త్రీలను గూర్చి గ్రంథము ప్రకటించి, వెలుతురు సోకని యిండ్లలో నుండుటచే వారి యెముకలు మెత్తబడి కటివలయమే వంకరపోవుచున్నదని చూపెను. నేడు ఘోషా తగ్గినది గాని, అపార్టుమెంటు గదులలోను, కార్యాలయములలోను ఎండ యెక్కడిది? 2008లో ప్రకటితమైన తిరుపతి పరిశోధకుల అధ్యయనమున పట్టణవాసులకే గాక పల్లెవారికిని డి విటమిన్ చాలకుండుట తేలినది. హబ్సిగూడకు కూతవేటు దూరముననే జాతీయ పోషకాహార సంస్థ గలదు. 1918లో కూనూరున మెక్కారిసన్ ఒక చిన్న ప్రయోగశాలగా నెలకొల్పిన యా సంస్థ 1958లో ఇచ్చటికి తరలివచ్చినది. గర్భిణికి దినమునకు వేయి మిల్లీగ్రాముల కాల్షియము కావలెనని అది చెప్పుచున్నది. దాని గోడ ప్రక్కనే కాపురమున్న యెన్ని యిండ్లలో కోడలి పళ్ళెమున పాలు, పెరుగు, రాగి చేరుచున్నవో!

పట్టణమున బస్సు మెట్టెక్కు స్త్రీ కన్న వరిమడిలోని స్త్రీ బాధ ఘోరము. నాట్లువేయు గర్భిణి నడుము వంచి, ప్రతి యడుగునకు బురదనుండి ఒక్కొక్క కాలిని పెకలింపవలెను; దేహము బరువంతయు రెండవ కాలిపై పడును. నొప్పిగల కీళ్ళకు ఇంతకు మించిన శిక్ష లేదు. 1961 నాటి ప్రసూతి సౌకర్యముల చట్టము, కోరిన గర్భిణిచే కాన్పునకు ముందు కొంతకాలము కష్టమైన పనియు, గంటలకొలది నిలుచు పనియు చేయింపరాదని విధించెను. కాని యది ఫ్యాక్టరీలకు, గనులకు, తోటలకు, పెద్ద అంగళ్ళకు ఉద్దేశించినది. రైతు పొలములోని దినకూలికి దాని నీడ సోకలేదు. కావున ఆ నీడ నిచ్చువాడు భూమి యజమానుడే. విత్తనము బాగుచేయుట, సంచులు కుట్టుట, లెక్క వ్రాయుట - బల్లమీద కూర్చుండి చేయదగిన పని ప్రతి కమతమునను గలదు. దానికి నాటుకూలి నిచ్చుటకు ఎకరమున కెంత ఖర్చు పెరుగునో మన రైతులే లెక్క వేసికొందురు గాక.