ఎలుగుబంటికి రివాల్వరు చాలునా?

నల్లమల అంచున చేలు గల మాచర్ల, వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి మండలముల రైతులకు ఎలుగుబంటి క్రొత్త కాదు. రేగుపండ్లు, తునికిపండ్లు పండు రోజులలోను, చేలలో మొక్కజొన్న, వేరుశనగ ఉన్నపుడును అది గట్టు దాటి వచ్చుచుండును. ఇటీవల ఆ ప్రాంతములోని ఒక గ్రామమునకు కంది చేను చూచుటకు పోగా, ఒక పెద్దరైతు నన్ను ప్రక్కకు పిలిచినారు.

"సారూ, రాత్రిపూట మోటారు కాడికి పోవాలంటే గుండె దడగా ఉంది. మా మేనల్లుడు అమెరికాలో ఉంటాడు. అక్కడ అడవికి పోయేవాళ్ళు నల్ల ఎలుగులకని నడుముకు పిస్తోలు కట్టుకుంటారంట. నాకూ ఒక రివాల్వరు లైసెన్సు వచ్చేట్టు రెండు ముక్కలు రాసియ్యండి" అని అడిగినారు.

"రాయడానికి ఐదు నిమిషాలు చాలు పెద్దాయనా. అది మిమ్మల్ని కాపాడుతుందా లేదా అనేది ముందు చూద్దాం" అంటిని. ఆనాడు వారితో చెప్పిన విషయములనే రైతు సోదరులందరి కొరకు ఇక్కడ వ్రాయుచున్నాను.

అమెరికా ఎలుగు వేరు, మన ఎలుగు వేరు

రెండును నల్లనివే. కాని స్వభావములు వేరు. అమెరికా నల్ల ఎలుగు మనిషి అలికిడి తగిలిన సాధారణముగా పారిపోవును, లేదా చెట్టెక్కును. మన ఎలుగు తరతరములుగా పెద్దపులి తిరిగెడి అడవిలో బ్రతికినది. కావున దగ్గరలో బెదిరినచో వెనుదిరుగక మీదికి దూకుటయే దాని అలవాటు. పెద్ద మగ ఎలుగు 100 కిలోలకు పైగా తూగును. పుట్టలు త్రవ్వుటకై పెరిగిన ముందరి గోళ్ళు మూడంగుళముల వరకు ఉండును. చూపు, వినికిడి మందము. వాసన మాత్రము బాగుగా పసిగట్టును. చెదలను పీల్చునపుడు తాను చేయు చప్పుడులో మన అడుగుల చప్పుడు దానికి వినబడదు. అందుచేతనే అది మనలను, మనము దానిని పది గజముల దూరములో గాని గుర్తింపము. పిల్లలను వీపున మోయుచున్న తల్లి అయినచో అపాయము మరింత ఎక్కువ.

రివాల్వరు ఏమి చేయగలదు?

అలాస్కాలో 1883 నుండి 2009 వరకు, మనిషి వద్ద తుపాకి ఉండగా ఎలుగులు ఎదురైన 269 సంఘటనలను శాస్త్రజ్ఞులు పరిశీలించి 2012లో ఫలితములు ప్రకటించిరి. చేతి తుపాకులు నూటికి 84 సార్లు ఎలుగును నిలువరించినవి. ఈ అంకె చూచి సంతోషింపరాదు. తుపాకి పేల్చిన వారికిని, చేతనుండియు పేల్చని వారికిని గాయముల విషయములో చెప్పుకోదగిన తేడా కనబడలేదని కూడ అందులోనే తేలినది.

ఇక మన సంగతి. ఎలుగు గంటకు 30 కిలోమీటర్ల వేగముతో వచ్చునన్నచో పది గజముల దూరము దాటుటకు దానికి సుమారు ఒక సెకను మాత్రమే పట్టును. ఆ సెకనులో, ఒక చేత టార్చి, రెండవ చేత పార ఉన్న రైతు నడుము నుండి రివాల్వరు తీసి, గురిచూచి కాల్చుట జరుగు పని కాదు. మన దేశములో లైసెన్సుపై సాధారణముగా దొరకు 32 బోరు రివాల్వరు గుండు బరువు సుమారు 6 గ్రాములు. 12 బోరు తుపాకి ఒంటిగుండు సుమారు 28 గ్రాములు. దాని దెబ్బ బలము పదింతలకు మించి ఉండును. చిన్న గుండు తగిలిన ఎలుగు వెంటనే పడదు. గాయపడి మరింత రెచ్చును. పంట కాపలాకు ఇచ్చెడి నాటు తుపాకి ఒకసారి పేలిన తరువాత మరల మందు కూరువరకు కర్రతో సమానము.

చట్టము మాట

ఎలుగుబంటి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టములో మొదటి షెడ్యూలు జంతువు. దానిని వేటాడినచో మూడేండ్లకు తగ్గని, ఏడేండ్ల వరకు జైలు శిక్ష కలదు. ప్రాణరక్షణకై సద్బుద్ధితో చంపుట నేరము కాదు. కాని ఆ సమయమున ఆ చట్టమునకు విరుద్ధమైన పని చేయుచున్న వారికి ఈ రక్షణ వర్తింపదు. అనుమతి లేక అభయారణ్యములోనికి ఆయుధముతో పోవుటయే నేరము. లైసెన్సు జేబులో ఉన్నంత మాత్రమున ఎలుగుపై హక్కు రాదు. అడవిపందులకని కంచెకు కరెంటు పెట్టుట మరియొక మహాపరాధము. దానికి ప్రక్క చేని రైతు బలియైన సందర్భములు గలవు.

మిరప మందు

అమెరికాలో ఎలుగులపై చల్లు మందులో మంట పుట్టించు పదార్థము మన మిరపకాయలోనిదే. అలాస్కాలో అది నల్ల ఎలుగులను నూటికి 90 సార్లు నిలువరించినట్లు 2008లో ప్రకటించిరి. కాని అది కొన్ని గజముల దూరము మేఘమువలె వ్యాపించునట్లు ప్రత్యేకముగా చేసిన డబ్బా. గుప్పెడు కారపుపొడి దానికి సాటి కాదు. ఎదురుగాలి వీచిన మన కండ్లలోనే పడును.

రైతులు చేయవలసినది

1. తెల్లవారుజామున, మునిమాపున ఒంటరిగా పోరాదు. ఇద్దరు ముగ్గురు కలిసి, గట్టిగా మాట్లాడుచు, కర్రకు గజ్జెలు కట్టి నడువవలెను. మన చప్పుడు ముందుగా విన్న ఎలుగు తానే తప్పుకొనును.

2. మోటారు కొట్టము చుట్టు, బాట వెంట సర్కారు తుమ్మ, పొదలు నరికించవలెను. బహిర్భూమికి చీకటిలో పొదల వైపు పోరాదు.

3. దూరమున కనబడినచో దాని వైపే చూచుచు మెల్లగా వెనుకకు నడువవలెను. పరుగెత్తరాదు, రాళ్ళు రువ్వరాదు.

4. మీద పడినచో బోర్లపడి, ముఖము నేలకు ఆనించి, చేతులు మెడ వెనుక గట్టిగా కలుపుకొనవలెను. అది ముఖ్యముగా తలను, ముఖమును గాయపరచును.

5. గాయములను సబ్బునీటితో పావుగంట కడిగి, 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను. కుక్కకాటుకు వలెనే దీనికిని పిచ్చికుక్క రోగపు టీకా, ధనుర్వాతపు ఇంజక్షను అవసరము. వైద్యుని పత్రముతో అటవీశాఖ వారికి తెలిపి పరిహారమునకు దరఖాస్తు చేసికొనవలెను.

గ్రామోద్యోగులకు ఒక మనవి. ఎలుగు ఊరిలోనికి వచ్చినపుడు జనము గుమిగూడకుండ చూచి, వెంటనే అటవీశాఖకు కబురు చేయవలెను. 2022 జూనులో శ్రీకాకుళము జిల్లా వజ్రపుకొత్తూరు మండలము కిడిసింగి ప్రాంతములో ఎలుగు వలన ఒకరు మరణించిరి, పలువురు గాయపడిరి. పట్టుబడిన పిమ్మట ఆ ఎలుగు కూడ చనిపోయినది. మనిషీ దక్కలేదు, మృగమూ దక్కలేదు.

ఆ పెద్దరైతు అంతయు విని, "అయితే ఆ కాగితం వద్దులెండి సారూ. కొట్టం చుట్టూ తుమ్మ కొట్టిస్తా, రాత్రికి తోడు లేకుండా పోను" అన్నారు. ఎలుగు నుండి రక్షణ అది ఎదురైన క్షణమున కాక, ఇల్లు కదలక ముందే చేసికొనవలసిన పని. అడవి అంచున సేద్యము చేయు ప్రతి రైతును ఈ రాత్రి నుండియే అట్లు చేయుదురుగాక.